గొడవ లేని కథ నిలబడుతుందా? ఒక తెలుగు స్క్రిప్ట్ కేస్ స్టడీ

స్క్రిప్ట్ కన్సల్టెంట్‌గా నా దగ్గరికి వచ్చే కథల్లో చాలావాటికి గొడవలు ఎక్కువవడమే జబ్బు. విలన్, విలన్ తమ్ముడు, హీరోకి ఒక గతం, హీరోయిన్ తండ్రికి ఇంకో గతం. వాటిని తగ్గించడమే మా సిట్టింగ్స్‌లో సగం పని. ఈ కేసు దానికి పూర్తిగా విరుద్ధం. ఇందులో గొడవే లేదు. అది లేకుండానే సినిమా తీయాలని దర్శకుడి పట్టుదల. "కాన్‌ఫ్లిక్ట్ లేకుండా కథ నడుస్తుందా?" అని కొత్తగా రాసేవాళ్లు తరచూ అడుగుతుంటారు. నా సమాధానం ఈ స్క్రిప్ట్ మీద కూర్చున్నప్పుడే స్పష్టపడింది. అందుకే రాసిపెడుతున్నాను. దర్శకుడు ఒప్పుకున్నాకే రాస్తున్నాను. మనుషులను, సంస్థలను గుర్తుపట్టే వివరాలు తీసేశాను. సినిమా ఇంకా తీయాల్సి ఉంది కాబట్టి కథలో కొన్ని సంగతులు మార్చాను.

నేపథ్యం

దర్శకుడికి ముప్పై దాటాయి. పుట్టిందీ పెరిగిందీ చెన్నై సాలిగ్రామంలో. తెలుగు సినిమాలు చెన్నైలోని వాహినీ, ఏవీఎం స్టూడియోల్లో తయారైన రోజుల్లో కోస్తా నుంచి పనికోసం వచ్చిన కుటుంబాల్లో వీళ్లదొకటి. పరిశ్రమ హైదరాబాద్ వెళ్లిపోయినా కోడంబాక్కం, వడపళని చుట్టుపక్కల అలాంటి ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. ఇద్దరు దర్శకుల దగ్గర అసిస్టెంట్‌గా చేశాడు, ఒక తమిళ సినిమాకి కో-డైరెక్టర్‌గా చేశాడు. ఇది అతని మొదటి సొంత కథ.

ఉత్తర చెన్నైలో ఒక పాత ఎయిడెడ్ స్కూల్. అక్కడ తెలుగు మాస్టారు. అది ఆయన సర్వీసులో ఆఖరి సంవత్సరం. పదో తరగతి తెలుగు సెక్షన్‌లో ఏడుగురు పిల్లలు. జూన్‌లో బడి తెరవడంతో మొదలై, పరీక్షలు అయిపోవడంతో కథ ముగుస్తుంది. మధ్యలో ఉన్నదంతా చిన్న చిన్న సన్నివేశాలు. ఈశాన్య రుతుపవనాల వర్షానికి సెలవిచ్చినా బడికొచ్చేసిన పిల్లాడు. స్టాఫ్ రూమ్‌లో మాస్టారు, తమిళం చెప్పే టీచర్ 'తమిళం అయ్యా' టిఫిన్ డబ్బాలు మార్చుకోవడం. పద్యం అప్పజెప్పలేక నవ్వేసే అమ్మాయి. రాతలో చెయ్యి తిరిగినవాడని మొదటి పేజీలోనే తెలిసిపోతుంది.

సమస్య

నెరేషన్ (కథ చెప్పి వినిపించడం) విన్న ప్రతి ప్రొడ్యూసరూ "బాగుంది, ఫీల్ ఉంది" అన్నారు. తర్వాత దాదాపు ఎవరూ ఫోన్ చేయలేదు. ఒకాయన మాత్రం మొహమాటం లేకుండా చెప్పారట: "బాబూ, ఇరవై నిమిషాల తర్వాత నా చెయ్యి దానంతటదే ఫోన్ మీదకి పోయింది. కథలో ఏం జరుగుతుందో అని నాకు ఒక్కసారీ అనిపించలేదు." నాకు తెలిసి ఆ స్క్రిప్ట్‌కి దొరికిన మొట్టమొదటి పనికొచ్చే అభిప్రాయం అదే.

దర్శకుడు నా దగ్గరికి వచ్చేటప్పటికే ఒక వాదన సిద్ధం చేసుకున్నాడు. "సార్, మా మాస్టారికి ఎవరితోనూ తగాదా లేదు. ఉండకూడదు కూడా. జపాన్‌లో కాన్‌ఫ్లిక్ట్ లేకుండా కథ చెప్పే పద్ధతి ఉంది కదా, నాది అదే" అన్నాడు. ఉదాహరణకి రెండు సినిమాలు కూడా చెప్పాడు. వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

స్క్రిప్ట్ చదివాక అభిప్రాయం చెప్పలేదు. ముందు ఒక పరీక్ష పెట్టాను. సీన్లన్నీ విడివిడి కార్డుల మీద రెండేసి లైన్లలో రాయించాను. కార్డులు కలిపేసి, కథ చదవని ఒక అసిస్టెంట్ డైరెక్టర్ చేతికిచ్చి, వరుసలో పెట్టమన్నాను. పెట్టాడు. మొదటి సీన్, చివరి సీన్ తప్ప మిగతా వరుస అసలు స్క్రిప్ట్‌కి ఎక్కడా పోలికే లేదు. ఆ కొత్త వరుసలో కథ చెప్పించుకుని విన్నాం. ఏమీ చెడిపోలేదు. అంతే బాగుంది, అంతే నీరసంగా ఉంది.

దర్శకుడు చాలాసేపు ఆ కార్డులవైపే చూస్తూ ఉండిపోయాడు. ల్యాగ్ (సాగదీత) అని అందరూ అంటున్నది ఎక్కడ నుంచి వస్తోందో అతనికి అప్పుడు కళ్లకు కట్టింది. ఆగస్టు సీన్ తీసి జనవరిలో పెట్టినా తేడా రాలేదంటే, ఆ మధ్య నెలల్లో ఎవరికీ ఏమీ మారలేదన్న మాట. అక్కడ లేనిది మార్పు. దాని మీద మా ఇద్దరికీ ఆ రోజే ఏకాభిప్రాయం కుదిరింది. మార్పు తేవాలంటే గొడవ పెట్టక తప్పదా అన్నదే మిగిలిన ప్రశ్న.

ముందే ప్రయత్నించి వదిలేసినవి

నా దగ్గరికి రాకముందే ఒక ప్రొడ్యూసర్ టీమ్ ఈ కథని రిపేర్ చేసింది. స్కూల్ కరస్పాండెంట్ ఆ స్థలాన్ని మాల్ కట్టేవాళ్లకి అమ్మాలనుకుంటాడు, మాస్టారు అడ్డుపడతాడు, టీవీ ఛానళ్లు వస్తాయి, క్లైమాక్స్‌లో తెలుగు గొప్పతనం మీద ఉపన్యాసం. ఆ వెర్షన్ చదివాను. సీన్లు వరుసలో కూర్చున్నాయి, ఎవరూ ఫోన్ తీయరు. కానీ ముప్పై ఏళ్లు గొంతు పెంచకుండా పాఠం చెప్పిన మనిషి మైకు ముందు అరుస్తుంటే అతను ఎవరో నాకు తెలియలేదు. పైగా అలాంటి బళ్లు ఖాళీ అవుతున్నది ఒక దుర్మార్గుడి వల్ల కాదు. పిల్లలను ఇంగ్లిష్ మీడియంలో వేస్తే ఉద్యోగం వస్తుందని తల్లిదండ్రులు అనుకున్నారు. వాళ్లలో మాస్టారు కూడా ఉన్నాడు.

ఆ డిస్కషన్లలోనే ఇంకొకరు చట్టాన్ని విలన్ చేద్దామన్నారట. తమిళనాడులో 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చింది. 2006-07లో ఒకటో తరగతితో మొదలుపెట్టి, ఏటా ఒక్కో తరగతి పెంచుకుంటూ బళ్లలో తమిళాన్ని తప్పనిసరి చేశారు. భాషా మైనారిటీల బళ్లకి దానితో చిక్కులు వచ్చాయి, కోర్టులదాకా వెళ్లారు. సినిమాకి పనికొచ్చే వస్తువే. కానీ ఈ సినిమాకి పనికిరాదని దర్శకుడు గట్టిగా కాదన్నాడు. నేనూ అతని పక్షమే. ఈ కథలో మాస్టారికి ఉన్న ఒకే ఒక్క ప్రాణస్నేహితుడు తమిళం అయ్యా. తెలుగుకీ తమిళానికీ పోటీ పెట్టిన మరుక్షణం ఆ టిఫిన్ డబ్బాల సీన్లు అబద్ధమైపోతాయి. ఒక కథలో అన్నిటికన్నా నిజంగా ఉన్నదాన్ని చంపి టెన్షన్ తెచ్చుకోవడం ఎప్పుడూ నష్టమే.

మేమిద్దరం కూర్చున్నాక మొదట చేసింది అంతర్గత సంఘర్షణ. మాస్టారు తన కొడుకుని తెలుగు చదివించలేదు, ఆ అపరాధభావం ఆయనను తొలిచేస్తుంటుంది. కాగితం మీద బలంగా కనిపించింది. రాసేకొద్దీ ఫ్లాష్‌బ్యాక్‌లు పెరిగాయి, తండ్రీకొడుకులు కేకలు వేసుకునే సీన్లు పెరిగాయి. ఏడుగురు పిల్లలూ వెనక బెంచీల్లో బొమ్మల్లా మిగిలారు. ఆ దారి ఆపేశాం. కొడుక్కి తెలుగు చదవడం రాదన్న ఒక్క సంగతి మాత్రం ఉంచాం.

దర్శకుడి ఉదాహరణలను విప్పి చూడటం

ఇక్కడ ఆగి, అతను నమ్ముకున్న ఉదాహరణలను సీన్ బై సీన్ విప్పి చూద్దామన్నాను. వాదించి ఒప్పించడంకన్నా అది మేలు.

జపాన్ పద్ధతి అని అతను చెప్పినది నాలుగు భాగాల నిర్మాణం. దాని మూలం చైనా కవిత్వంలో, నాలుగు పాదాల పద్యంలో ఉంది. జపాన్‌లో నాలుగు గళ్ల కామిక్స్ దాకా వచ్చింది. మొదట పరిచయం, తర్వాత కొనసాగింపు, మూడోది మలుపు, నాలుగోది ముగింపు. ఇందులో ఎవరూ ఎవరినీ ఎదిరించనక్కర్లేదు, నిజమే. కానీ మూడో భాగం తప్పనిసరి. అప్పటిదాకా కథలో లేనిదేదో వేరే వైపు నుంచి వచ్చిపడుతుంది. నాలుగో భాగంలో అది మొదటి రెండింటితో కలిసి, మనం చూసినదాన్నే కొత్తగా చూపిస్తుంది. మా స్క్రిప్ట్‌లో రెండు గంటలపాటు పరిచయం, కొనసాగింపే ఉన్నాయి. అతను ఆ పద్ధతి పేరు తీసుకున్నాడు కానీ అందులో బరువు మోసే భాగాన్ని వదిలేశాడు.

మొదటి సినిమా జపాన్ యానిమేషన్ దర్శకుడు మియాజాకి 1988లో తీసిన 'మై నైబర్ టొటోరో'. అందులో విలన్ లేడు, నిజమే. కానీ ఇద్దరు అక్కచెల్లెళ్ల తల్లి ఆస్పత్రిలో ఉందన్న సంగతి మొదట్లోనే తెలుస్తుంది. ఆమె ఇంటికొచ్చే రోజు కోసం పిల్లలతోపాటు మనమూ ఎదురుచూస్తాం. చెట్లమధ్య ఆటలన్నీ ఆ ఎదురుచూపు మీదే కూర్చున్నాయి.

రెండోది 2024లో వచ్చిన తమిళ 'మెయ్యళగన్', తెలుగులో 'సత్యం సుందరం'. పెళ్లికి సొంతూరు వచ్చిన మనిషిని ఒక బంధువు నెత్తిన పెట్టుకుని చూసుకుంటాడు. అతని పేరు మాత్రం ఇతనికి గుర్తులేదు, అడగడానికి మొహమాటం. సినిమా అంతా ఇద్దరు మంచివాళ్లు మాట్లాడుకోవడమే. అయినా ఆ పేరు ఎప్పుడు గుర్తొస్తుందా అని మనం కూర్చుంటాం. ప్రేక్షకులు అంత ప్రేమగా ఆదరించిన ఆ సినిమానే విడుదలైన కొద్దిరోజులకి సుమారు 18 నిమిషాలు తగ్గించారు. ఇలాంటి కథకి నిడివి విషయంలో థియేటర్ ఎంత కఠినంగా ఉంటుందో అది చెబుతుంది.

మన నాట్యశాస్త్రం సంగతి నేను కలిపాను. భరతుడు కథకి చెప్పిన ఐదు అవస్థలు ప్రారంభం, ప్రయత్నం, ప్రాప్తిసంభవం (దొరకవచ్చన్న ఆశ), నియతఫలప్రాప్తి (దొరకడం ఖాయమవడం), ఫలయోగం (ఫలం అందడం). ఈ లెక్కంతా ఫలం చుట్టూ తిరుగుతుంది. విఘ్నాలకి అక్కడ చోటుంది, కానీ కథ మొదలయ్యేది ఒకరికి ఒకటి కావాలనిపించడంతో. శత్రువు ఉన్నాడా లేడా అన్నది తర్వాతి మాట.

రెండు సినిమాల్లోనూ, భరతుడి లెక్కలోనూ మాకు ఒకటే దొరికింది. ఒక కొరత, అది తీరుతుందా అన్న ఎదురుచూపు. కావాలంటే దీన్ని కూడా కాన్‌ఫ్లిక్ట్ అనవచ్చు, చాలామంది అంటారు. రాసేవాడికి అది పనికిరాదని నా గట్టి అభిప్రాయం. కాన్‌ఫ్లిక్ట్ కావాలనుకుని టేబుల్ దగ్గర కూర్చుంటే చెయ్యి వెంటనే అడ్డుపడే మనిషిని వెతుకుతుంది. ఇంకా అందనిది ఏమిటి అనుకుని కూర్చుంటే వేరే సీన్లు పుడతాయి.

పనిచేసినది

అప్పుడు దర్శకుడు తన స్క్రిప్ట్‌లోంచే ఒక చిన్న పాత్రను బయటికి లాగాడు. పిల్లలను బడికి తెచ్చే ఆటో డ్రైవర్. యాభై దాటినవాడు. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, చదువుకున్నది తమిళంలో. తమిళనాడులో ఇలాంటివాళ్లు లక్షల్లో ఉన్నారు, మాట వచ్చి రాత రానివాళ్లు. పాత డ్రాఫ్ట్‌లో అతనికి రెండే డైలాగులు.

కొత్త డ్రాఫ్ట్‌లో అతని తల్లి పోయింది. ఆమె ఇంటి ఖర్చులు తెలుగులో రాసుకున్న ఒక పద్దుల పుస్తకం ఇతని దగ్గర ఉంది. ప్రతి నెలా చివర ఒకే రకం వరుస ఉంటుంది, పక్కన కొంత డబ్బు. అది ఏమిటో తెలియదు. మాస్టారు ఒక్క నిమిషంలో చదివి పెట్టగలడు. "వద్దు మాస్టారూ. మా అమ్మ రాసింది ఇంకొకరి నోట వినను. నాకు నేర్పించండి, నేనే చదువుకుంటా" అంటాడు. సాయంత్రం క్లాసు మొదలవుతుంది. మాస్టారికి ఏడుగురు పిల్లలకి తోడు ఎనిమిదో విద్యార్థి.

దీనితో ఒక్కసారిగా సీన్లన్నీ తమ చోట్లలో బిగుసుకున్నాయి. దానికి కారణం లిపిలోనే ఉంది. తమిళంలో క, గ లకి ఒకటే అక్షరం. కాబట్టి మొదటి నెలల్లో అతను తడబడేది అక్కడ. గుణింతం పట్టుబడ్డాక పాలు, కూరలు, నూనె చదివేస్తాడు. ఉప్పు, పప్పు, బియ్యం దగ్గర ఆగిపోతాడు. తమిళంలో జంట అక్షరం రాయాలంటే మొదటిదాని మీద చుక్క పెట్టి రెండోది పక్కన రాస్తారు. కింద ఒత్తు వేలాడటం అతను ఎన్నడూ చూడలేదు. తల్లి పుస్తకంలో ఆ వరుస నిండా ఒత్తులే. కాబట్టి ఒత్తులు వచ్చేదాకా ఆ రహస్యం తెరుచుకోదు. ఎవరూ అడ్డుపడటం లేదు. అక్షరాలు వచ్చే వరుసే స్క్రీన్‌ప్లే అయింది. "కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి" అని పిల్లలు అతనికి పాఠం చెబుతుంటే వాళ్లు తొలిసారి కథలోకి వచ్చారు. పద్యం అప్పజెప్పలేక నవ్వేసే ఆ అమ్మాయి అతనికి ఒత్తులు నేర్పే టీచర్ అయింది.

ఇంటర్వెల్ ఎక్కడ పెట్టాలన్నది మాకు పెద్ద తలనొప్పి. అదిరిపడే మలుపు, అంటే బ్యాంగ్, లేదు. చివరికి తేలినది ఇది: అతను మొదటిసారి ఒక పేజీ పైనుంచి కిందిదాకా చదువుకుంటూ వచ్చి ఆ వరుస దగ్గర ఆగుతాడు. పుస్తకం మాస్టారి వైపు తిరిగి ఉంది. తన కళ్లు ఆ వరుస మీద పడే లోపే మాస్టారు కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుంటాడు. అంతే, ఇంటర్వెల్. నెరేషన్‌లో ఆ చోట గది నిశ్శబ్దమైపోయింది. మాటా మాటా పెరిగిన ఏ సీన్‌కీ అలాంటి స్పందన రాలేదు.

ఇంకో నిర్ణయం కెమెరాది. పుస్తకం తెర మీద చూపిస్తే తెలుగు ప్రేక్షకుడు అతనికంటే ముందే చదివేస్తాడు. దాచాలా, చూపించాలా? మామూలు పద్దులు చూపించాలని, ఆ ఒక్క వరుస మాత్రం ఫ్రేమ్‌లోకి రాకూడదని అనుకున్నాం. చూపించినప్పుడు మనం ముందే చదివి, అతను ఎప్పుడు అందుకుంటాడా అని మనసులోనే పెదవులు కదుపుతాం. దాచినప్పుడు మనమూ అతని పక్కన బెంచీ మీదే. తమిళంలో డబ్ చేస్తే ఎలా అని ఇప్పుడీ సినిమా చేస్తున్న ప్రొడ్యూసర్ అడిగారు. తమిళ ప్రేక్షకుడికి ఆ పుస్తకం మొత్తం ఆటో డ్రైవర్‌కి కనిపించినట్టే కనిపిస్తుంది. నా దృష్టిలో అది ఇంకా మంచి సినిమా.

ఇందులోనూ దారి తప్పిన చోట్లున్నాయి. ఆ వరుస వెనక ఏముందో తేల్చేటప్పుడు మొదట పెద్ద రహస్యం పెట్టాం, తల్లికి ఇంకో కుటుంబం ఉన్నట్టు. వెంటనే అది సస్పెన్స్ సినిమాలా తయారైంది. అందరూ తల్లి గురించే అడిగారు, మాస్టారిని మర్చిపోయారు. అలాగని అక్కడ ఏమీ లేకపోతే ప్రేక్షకుడిని మోసం చేసినట్టే. బయటివాళ్లకి మామూలుగా కనిపించి, ఆ కొడుక్కి మాత్రమే విలువైనది కావాలి. అది దొరికింది. ఏమిటన్నది ఇక్కడ చెప్పను.

ప్రీ క్లైమాక్స్‌లో పుస్తకం పోవాలని ప్రొడ్యూసర్ పట్టుబట్టారు. రాసి చూశాం. పది పేజీల పాటు పరుగులు, ఉత్కంఠ అన్నీ వచ్చాయి. కానీ చదవడం కోసం ఎదురుచూస్తున్నవాళ్లు దొరకడం కోసం ఎదురుచూడటం మొదలుపెట్టారు. పుస్తకం దొరకగానే వాళ్లకి కథ అయిపోయింది. ఆ తర్వాత అతను చదివే సీన్ చల్లారిన అన్నంలా ఉంది. ప్రొడ్యూసర్ రెండు వెర్షన్లూ పక్కపక్కన విని, తనే తీసేయమన్నారు.

తర్వాత కార్డుల పరీక్ష మళ్లీ పెట్టాం, కథ తెలియని ఇంకొకరితో. మూడొంతుల కార్డులు సరైన చోట్లలో పడ్డాయి. ఎక్కడ పెట్టాలో తెలియక అతను చేతిలో పట్టుకుని ఉండిపోయిన కార్డుల్లో చాలావాటిని కొట్టేశాం. వాటిలో దర్శకుడికి ప్రాణమైన వర్షం సెలవు సీన్ కూడా ఉంది. దాన్ని ఒత్తుల పాఠంతో కలిపి మళ్లీ రాశాడు. ఇప్పుడది అక్కడి నుంచి కదలదు.

ఇలాంటి స్క్రిప్ట్ చేతికొస్తే ఇప్పుడు నేను ముందుగా చూసేవి మూడు. సీన్లు తారుమారు చేస్తే కథ చెడుతుందా? ఎవరికైనా ఏదైనా కావాలా, ఆ కావలసినది తెర మీద చేతితో పట్టుకోగలిగేలా ఉందా? మధ్యలో వచ్చే కొత్త సంగతి మొదటి సీన్లకి కొత్త అర్థం తెస్తుందా? ఈ మూడూ ఉంటే గొడవ లేదని నేను భయపడను. ఈ మూడూ లేకుండా గొడవ ఒక్కటే ఉంటే మాత్రం భయపడతాను. మరో మాట కూడా చెప్పాలి. ఇలాంటి కథకి నిడివి తక్కువ ఉండాలి, డైలాగ్ బరువు ఉండకూడదు, నటుడు బలమైనవాడు అయ్యుండాలి. విలన్ ఉన్న కథలో బలహీనమైన సీన్‌ని ముందు వెనక ఉన్న సీన్లు లాక్కెళ్తాయి. ఇక్కడ ఏ సీన్ బరువు ఆ సీనే మోయాలి.

ప్రస్తుతం బౌండ్ స్క్రిప్ట్ (షూటింగ్‌కి పనికొచ్చే పూర్తి స్క్రిప్ట్) సిద్ధమైంది. మొదట వచ్చిన ప్రొడ్యూసర్లెవరూ లేరు, చిన్న బడ్జెట్‌తో ఇంకొకరు చేస్తున్నారు. తేలనిది ఒకటి ఉంది. మాస్టారి భార్య పాత్ర ఇంకా ఎదురుచూపు లేకుండా వంటింట్లోనే తిరుగుతోంది. ఆమె సీన్లు ఎక్కడ పెట్టినా సరిపోతున్నాయి, అంటే పాత జబ్బు అక్కడ మిగిలే ఉంది. కొడుక్కి తెలుగు రాదన్న సంగతిని ఆమె వైపు నుంచి రాయమని చెప్పాను. దర్శకుడు ఆ పేజీల మీదే కూర్చున్నాడు.